నాశిక్‌లో రెడ్ వైన్‌కి ఐసు బకెట్టు

నాశిక్ వెళ్ళొచ్చిన మనవాళ్ళంతా త్ర్యంబకం గురించే రాస్తారు. దర్శనం క్యూ, పంచవటి, మన్మాడ్‌లో దిగి టాక్సీవాడితో బేరమాడి ఓడిపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. వదిలేస్తున్నా. రాజమండ్రివాణ్ణి కాబట్టి, గంగాపూర్ డ్యామ్ దగ్గర ఆ కాస్త గోదావరిని చూసి "ఇదేనా?" అనుకున్న మాట మాత్రం నిజం.

ఆ డ్యామ్ వైపే వైన్ చేసే ద్రాక్షతోటలు. కోతలు జనవరి, మార్చి మధ్యలో అయిపోతాయి, మేం వెళ్ళింది ఏప్రిల్ ఎండలో. చూడ్డానికి ఆకులు తప్ప ఏమీ లేవు. వైన్ టేస్టింగ్‌కి టికెట్టు పెట్టి గ్లాసు అడుగున రెండు గుక్కలు పోస్తారు. నాకు ఒళ్ళు మండింది గానీ, పోసే మరాఠీ కుర్రాడు మాత్రం ఆ టికెట్టు డబ్బులకి న్యాయం చేశాడు.

ముందు స్పార్క్‌లింగ్, అంటే గ్యాసుతో బుడగలొచ్చే వైన్, తీశాడు. తీగ విప్పుతున్నంతసేపూ బొటనవేలు బిరడా మీదే. తర్వాత బిరడాని గట్టిగా పట్టుకుని సీసాని తిప్పాడు. లోపల కారు టైరులో ఉండేదానికి రెండు మూడు రెట్లు ఒత్తిడి ఉంటుందట. చప్పుడే లేదు, 'స్స్' అని గాలి వదిలిందంతే. సినిమాల్లోలా పేలిస్తే సగం నేలపాలే కదా.

అసలు సంగతి షిరాజ్ అనే రెడ్ వైన్ దగ్గర వచ్చింది. ఒకే వైన్‌ని రెండు సీసాల్లోంచి పోశాడు. ఒకటి బల్ల మీద ఉన్నది, ఒకటి చల్లటి గదిలోంచి తెచ్చింది. మొదటిదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే స్పిరిట్ ఘాటు, రెండోదాంట్లో పండ్లు, మిరియాలు. "రెడ్‌ని గది వేడిమిలో ఇవ్వాలన్నది చలిదేశాల పాత ఇళ్ళ లెక్క భాయ్‌సాబ్. ఆ గదులే పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండేవి" అన్నాడు. మన గది ఏప్రిల్‌లో ఎంతుంటుందో చెప్పాలా?

తాగగా సీసాలో మిగిలిన వైన్ సంగతీ అడిగాను. శత్రువు గాలే అన్నాడు. గాలి తగిలితే ముందు వాసన చచ్చిపోతుంది, తర్వాత పులుస్తుంది. చలిలో ఆ పని నెమ్మదిస్తుంది కాబట్టి రెడ్ అయినా సరే, మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. పడుకోబెడితే గాలికి తగిలే మేర పెరుగుతుంది. మూడు నాలుగు రోజులు భయం లేదట. అంతకన్నా మేలు, తీసిన వెంటనే చిన్న సీసాలోకి అంచుదాకా నింపేయడం. స్పార్క్‌లింగ్ మూతిలో స్పూను వేలాడదీస్తే గ్యాస్ ఆగుతుందన్నది వట్టి మాటట. దానికి పట్టు ఉన్న బిరడా కావాల్సిందే.

ఆ రాత్రి హోటల్ మేడ మీద వెయిటర్ సీసాకి తెల్లగుడ్డ చుట్టి మహా వైభవంగా తెచ్చాడు. ముట్టుకుంటే గోరువెచ్చన! బకెట్‌లో ఐసూ నీళ్ళూ కలిపి తెమ్మన్నాను. ఒట్టి ఐసు కన్నా నీళ్ళు కలిస్తే త్వరగా చల్లబడుతుంది. "రెడ్‌కి ఐస్ పెట్టరు సార్" అంటూ జాలిగా చూశాడు. ఆ ధరకి ఈ పాఠం కూడానా? మేనేజరొచ్చాక గానీ బకెట్ రాలేదు. పావుగంట తర్వాత అదే వైన్ తాగేలా అయింది.

"మీ ఇద్దరి వాదన తేలేలోపు నేను తినేస్తా" అని మా ఆవిడ రొట్టె తుంచింది.

నా గ్లాసు వరకు పోసుకుని, మిగతాది అప్పుడే చిన్న నీళ్ళ సీసాలోకి నింపేశాను. గదిలో ఫ్రిజ్ తెరిస్తే త్ర్యంబకం తీర్థం సీసా. "దాని పక్కనా?" అంది మా ఆవిడ. తీర్థం సూట్‌కేసులోకి వెళ్ళింది. మర్నాడు సాయంత్రానికి మిరియాల వాసన కాస్త తగ్గింది గానీ, పులుపు రాలేదు.