సబ్‌మాడ్యూల్‌కి ఇక సెలవు

మా రెండు ప్రాజెక్టులకీ లాగిన్ కోడ్ ఒకటే. చాలాకాలం కాపీ-పేస్టే నడిచింది. ఒకచోట బగ్ సరిచేస్తే రెండోచోట అలాగే ఉండిపోయేది. తర్వాత దాన్ని వేరే రెపోగా (కోడ్‌నీ దాని మార్పుల చరిత్రనీ ఉంచే చోటు) తీసి, వెర్షన్ కంట్రోల్ టూల్ గిట్‌లో ఉండే సబ్‌మాడ్యూల్ పద్ధతిలో రెండు ప్రాజెక్టుల్లోనూ పెట్టాం.

సబ్‌మాడ్యూల్ అంటే కోడ్ వచ్చి మన రెపోలో కూర్చోదు. ఆ వేరే రెపోలో ఫలానా కమిట్ (సేవ్ చేసిన మార్పు) అని, దాన్ని గుర్తించే ఒక హ్యాష్ కోడ్ మాత్రమే నమోదవుతుంది. అందుకే మామూలుగా క్లోన్ చేస్తే (రెపోని మన మెషీన్‌కి కాపీ చేసుకుంటే) ఆ ఫోల్డర్ ఖాళీ! టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లదీ అదే ప్రశ్న: "అన్నా, కామన్ ఫోల్డర్‌లో ఏమీ లేదేంటి?" క్లోన్ కమాండ్‌కి రికర్స్-సబ్‌మాడ్యూల్స్ అని జోడించండయ్యా అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇంకో తంటా ఉంది. సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కొట్టాక లోపల హెడ్ (మనం ఏ కమిట్ మీద ఉన్నామో చూపే గుర్తు) మామూలుగా ఏ బ్రాంచి (పేరున్న కమిట్ల వరుస) మీదా ఉండదు. ఎవరైనా అక్కడ కమిట్ చేసి, దాన్ని పుష్ చేయకుండా (సర్వర్‌కి పంపకుండా) బయటి రెపో ఒక్కటే పుష్ చేశారో, మిగతా అందరి బిల్డూ ఢమాల్. సర్వర్లో లేని కమిట్‌ని ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం?

ఇప్పుడు గిట్‌లోనే ఉన్న ఇంకో పద్ధతి, సబ్‌ట్రీకి మారాం. కోడ్ నేరుగా మన రెపోలోనే ఉంటుంది, క్లోన్ చేసేవాళ్లకి కొత్తగా ఏం తెలియక్కర్లేదు. స్క్వాష్ ఆప్షన్ (పాత కమిట్లన్నిటినీ ఒక్కటిగా కుదించేది) ఇవ్వకపోతే మాత్రం పాత హిస్టరీ అంతా లాగ్‌లోకి వచ్చి పడుతుంది. మార్పుల్ని వెనక్కి పంపే సబ్‌ట్రీ పుష్, హిస్టరీ పెద్దదైతే నత్తనడకే.

ఆ లాగిన్ కోడ్‌ని ప్యాకేజీ చేసి వెర్షన్ నంబర్లు పెట్టుకోమంటున్నాడు ఒక ఫ్రెండ్. రోజూ మారే కోడ్‌కి ప్రతిసారీ రిలీజంటే అంత ఓపిక ఎవరికుంది! కాస్త కుదురుకున్నాక చూద్దాం.