రాక్షసగుళ్ల నుంచి రాత్లిన్ దాకా

డబ్లిన్‌లో నాతో పనిచేసే ఐరిష్ మిత్రుడి తండ్రికి హీమోక్రొమటోసిస్ ఉంది. తిన్న తిండిలోని ఇనుము ఒంట్లో పేరుకుపోయే జబ్బు. కొన్ని నెలలకోసారి ఆసుపత్రిలో రక్తం తీయించుకుంటాడు. అదే వైద్యం. మారిన జన్యువు అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వస్తేనే ఈ జబ్బు ముదురుతుంది. ఐర్లాండ్‌లో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆ జన్యువును మోస్తున్నారు. తండ్రి నుంచి ఒకటి రావడం ఖాయమని తెలిసీ మా వాడు పరీక్ష వాయిదా వేస్తూనే ఉన్నాడు. "అసలు ఇది మాకు ఎక్కణ్నుంచి వచ్చిందో చూసొద్దాం, వస్తావా?" అన్నాడు. చూడాల్సిన చోట్లున్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌ది కాబట్టి మన పాస్‌పోర్టుకు వేరే వీసా కావాలి. అది చేతికి రాగానే రైలెక్కాం.

మొదట బెల్‌ఫాస్ట్ శివార్లలోని జెయింట్స్ రింగ్, అంటే రాక్షసుడి వలయం. చెరువుగట్టు లాంటి మట్టికట్ట పెద్ద గుండ్రంగా చుట్టి ఉంది. లోపల నీళ్లు లేవు, అంతా పచ్చిక. నడుమ నిలువురాళ్ల మీద బండ మోపిన సమాధి. చూడగానే నాకు మన రాక్షసగుళ్లు గుర్తొచ్చాయి. అంతంత రాళ్లు మనుషులు ఎత్తలేరని వాళ్లకూ తోచింది కాబోలు, వాళ్లూ రాక్షసుల పేరే పెట్టుకున్నారు.

ఆ చుట్టుపక్కల బాలినహాటీలో 1855లో ఒక స్త్రీ ఎముకలు దొరికాయి. ఆమె బతికింది సుమారు 5,200 ఏళ్ల కిందట. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో జన్యుశాస్త్రవేత్త డేనియల్ బ్రాడ్లీ బృందం, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీ పురావస్తు నిపుణులతో కలిసి ఆమె డీఎన్‌ఏను చదివి 2015 చివర్లో ప్రకటించింది. నల్లజుట్టు, గోధుమరంగు కళ్లు. పూర్వీకుల్లో ఎక్కువమంది నేటి టర్కీ వైపు నుంచి తరతరాలుగా వ్యవసాయాన్ని వెంటబెట్టుకుని పడమటికి వచ్చినవాళ్లు. ఇప్పటివాళ్లలో ఆమెకు దగ్గరి పోలిక సార్డీనియా దీవి జనంతోనట. ఐర్లాండ్‌లో న్యూగ్రేంజ్ లాంటి మహా సమాధులు కట్టింది ఈ రైతుల జనమే. నీలికళ్ల మా వాడు ఆ బండ మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పటి నుంచీ వీళ్లంతా మావాళ్లే అనుకున్నాను" అన్నాడు చివరికి.

మర్నాడు బాలీకాజిల్‌లో పడవెక్కి రాత్లిన్ దీవికి వెళ్లాం. గాలికి చెవులు దిమ్మెక్కాయి. రేవు దగ్గరి పబ్బు పక్కన 2006లో నేల చదును చేస్తుంటే పాత సమాధి బయటపడింది. అందులోంచి డీఎన్‌ఏ చదివిన ముగ్గురు మగవాళ్లు సుమారు నాలుగు వేల ఏళ్ల నాటివాళ్లు. వాళ్ల వారసత్వంలో దాదాపు మూడో వంతు నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న స్టెప్పీ గడ్డిమైదానాలది. ఇప్పటి ఐరిష్ వాళ్లకు పోలిక వీళ్లతోనే. మన గోత్రంలా తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ చూసినా అంతే, ఐరిష్ మగవాళ్లలో ఎక్కువమందిది ఈ ముగ్గురి వంశమే. ఆ స్టెప్పీ జనంలో ఇంకో పాయ తర్వాత మన దేశం వైపూ వచ్చిందని తెలిసినప్పటి నుంచీ నాకు ఈ దీవిని చూడాలని ఉండేది.

మా వాడు వెతుక్కుంటూ వచ్చింది కూడా ఇక్కడే ఉంది. ఆ ముగ్గురిలో ఒకరిలో అదే హీమోక్రొమటోసిస్ జన్యువు, అదే మార్పు.

గోడవార నిలబడి తండ్రికి ఫోన్ చేశాడు.

"దొరికాడు నాన్నా. నాలుగు వేల ఏళ్ల వాడు."

"పాపం, అతనికి రక్తం తీసేవాళ్లు ఎవరున్నారురా అప్పుడు?"

"అతనికి ఒకవైపు నుంచే వచ్చింది. జబ్బు చేసి ఉండదు."

అవతల కాసేపు మాట లేదు.

"మరి నీకు?"

మా వాడు సముద్రం వైపు చూశాడు. "సోమవారం వెళ్లి పరీక్ష చేయించుకుంటాను నాన్నా" అన్నాడు.