నిప్పుకోడికి ఇనుము పెట్టినాయన

జ్ఞానస్నానంలో నాకు పెట్టిన పేరు ఆల్బర్ట్. కొత్తపట్నంలో అది ఆల్బట్టు అయింది. రొయ్యల చెరువుల మీద నీళ్లు టెస్ట్ చేసే పనిలో చేరాక అదీ పోయి 'ల్యాబ్ అబ్బాయి' మిగిలింది. ముప్పై దాటేదాకా నాకు ఐన్‌స్టీన్ పేరే పెట్టారనుకున్నా, నిజం.

కాదట. నాకు పెట్టింది సెయింట్ ఆల్బర్ట్ ద గ్రేట్ పేరట. ఈయన 1200 ప్రాంతంలో జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున, లావింగెన్‌లో పుట్టిన డొమినికన్ అనే క్రైస్తవ సంఘం సన్యాసి. పారిస్‌లో, కొలోన్‌లో పాఠాలు చెప్పాడు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ని తనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలని మొదలుపెట్టి రాళ్లు, మొక్కలు, జంతువులు దేన్నీ వదల్లేదు. జంతువుల పుస్తకమే 26 భాగాలు. 1260లో రేగెన్స్‌బర్గ్‌కు బిషప్‌ని చేస్తే రెండేళ్లకే వదిలేసుకున్నాడు.

తర్వాత పెద్ద క్రైస్తవ తత్వవేత్త అయిన థామస్ అక్వినాస్ ఆయన శిష్యుడే. నోరు విప్పడని తోటివాళ్లు 'మూగ ఎద్దు' అనేవాళ్లట. ఈ ఎద్దు రంకె లోకమంతా వినపడుతుంది చూడండి అన్నాడట గురువు. ఒంగోలు పక్కన పుట్టినోడికి ఎద్దు అంటే తిట్టెలా అవుతుందో అర్థం కాదనుకోండి. మన గిత్త బ్రెజిల్ దాకా పోయి అక్కడ 'నెలోర్' అనిపించుకుంది.

నాకు బాగా నచ్చింది నిప్పుకోడి సంగతి. అది ఇనుము తిని అరాయించుకుంటుందని అప్పటి పుస్తకాల్లో ఉండేది. (మనమేమో నిప్పులు మింగుతుందన్నాం.) ఆల్బర్ట్ ఇనప ముక్కలు తీసుకెళ్లి నిప్పుకోళ్ల ముందు వేశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ముట్టలేదు. రాళ్లూ, చితక్కొట్టిన ఎండు ఎముకలూ వేస్తే మాత్రం ఆబగా తిన్నాయి. అదే రాసిపెట్టాడు. ఒక రకం బాతులు చెట్లకు కాస్తాయని జనం అంటుంటే, అవి జతకట్టడం, గుడ్లు పెట్టడం మేం చూశామని కొట్టిపారేశాడు. అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు, రాళ్లకు మహిమలున్నాయని ఆయనా నమ్మాడు.

ఇది చదివినప్పుడు నాకు పోయినేడాది సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. రొయ్యలు ఎంత తింటున్నాయో తెలియడానికి చెరువులో దించే ట్రేలో మేత మిగలట్లేదని చెరువు దగ్గర్నుంచి ఫోనొస్తే, ఇంట్లో కూర్చునే మేత పెంచమని చెప్పా. మూడు రోజులు అంతే. నాలుగో రోజు వెళ్లి చెయ్యి పెడితే తినకుండా మిగిలిన మేత కుళ్లి అడుగున నల్లమట్టి, కుళ్లిన గుడ్ల కంపు. వానకి ఎవరూ ట్రే ఎత్తనే లేదు. రైతు తిట్టలేదు. "ట్రే చూసింది నువ్వా, ఫోనా అబ్బయ్యా?" అన్నాడు, అంతే.

ఇప్పుడు ట్రే నేనే ఎత్తుతున్నా. నాలుగు రొయ్యల్ని టార్చికి అడ్డం పెట్టి, పేగు నిండిందో లేదో చూసి అప్పుడు రాస్తున్నా. ఆదివారం పూజకు లేటవుతోందని మా అమ్మ ఒకటే గోల.