చీమకుర్తి రాయి, ఎనామిల్ చుక్కలు

బాబాయి సంవత్సరీకానికి ఒంగోలు వెళ్తూ, రాత్రి రైల్లో నిద్రపట్టక ఫోన్‌లో ‘పొల్లాక్’ సినిమా పెట్టుకున్నాను. 2000లో వచ్చిన సినిమా. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్ జీవితకథ. ఎడ్ హారిస్ తనే దర్శకత్వం చేసి, తనే ఆ పాత్ర వేశాడు. కాన్వాస్‌ని నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ, కర్రతోనో ఎండిపోయిన బ్రష్‌తోనో రంగుని గాల్లోంచి ధారగా వదిలే మనిషి. అతను వాడిన రంగులు చాలావరకు ఇళ్లకు వేసే ఎనామిల్ రంగులే. అది తెలిశాక ఇక ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

మా బాబాయి బతుకంతా ఎనామిల్ వాసనే. షాపుల బోర్డులు, లారీల వెనక గులాబీలు, గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది, తాగుడు పెరిగింది. నిజానికి అంతకుముందు నుంచే తాగేవాడు. ‘తాగితేగానీ మీవాడికి చెయ్యి తిరగదు’ అని పక్కనున్నవాళ్లు మెచ్చుకోలుగా అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తెల్లవారుజామున ఒంగోలులో దిగాను. కార్యక్రమం మధ్యాహ్నానికి అయిపోయింది. మర్నాడు పిన్ని కొడుకు, నా తమ్ముడు, తను పనిచేసే గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ చూపిస్తానన్నాడు. పొదిలి రోడ్డు పట్టుకుని సంతనూతలపాడు మీదుగా వెళ్తుంటే, చీమకుర్తి ఇంకా రాకముందే రాతిదిమ్మెల లారీలు ఎదురవడం మొదలైంది. ఒక్కో దిమ్మె చిన్న గదంత ఉంది. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము.

ముందు క్వారీ అంచున నిలబడ్డాం. మెట్లు మెట్లుగా లోపలికి దిగిపోయిన గొయ్యి. అడుగున తిరిగే లారీ అగ్గిపెట్టెలా కనబడుతోంది. వజ్రపు పూసలు గుచ్చిన తీగ తిరుగుతూ రాయిని కోస్తుంటే, మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా పిలిచే రాయి ఇదే. అక్కడ చూస్తే మాత్రం మామూలు మసక నలుపు.

ఫ్యాక్టరీలో పాలిష్ పట్టిన పలక మీద తమ్ముడు చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు లేచాయి. ఒకచోట గుంపుగా, ఇంకోచోట విడివిడిగా. ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలియదు, ఎక్కడ ఆపాలో తెలియదు. బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులవి. రాత్రి రైల్లో చూసిన కాన్వాస్ గుర్తొచ్చింది. అయితే ఒక తేడా ఉంది. కోట్ల ఏళ్ల కింద భూమిలో శిలాద్రవం చల్లారుతుంటే ఈ పలుకులు వాటంతటవే ఏర్పడ్డాయి. పొల్లాక్ చుక్కలు అలా పడ్డవి కావు. రంగు ధార తన అదుపులోనే ఉంటుందని, యాదృచ్ఛికం ఏదీ లేదని ఆయనే చెప్పాడు. లారీ మీద ఒక్క ఊపులో పొడుగాటి గీత లాగే బాబాయి చెయ్యి చూసినవాణ్ణి కాబట్టి నేను నమ్ముతాను.

సాయంత్రం ఇంటికొచ్చాక పిన్ని అడిగింది, “రాత్రంతా అదేందో చూశావంటగా, నాకూ చూపీ నాయనా.” కొన్ని సన్నివేశాలు పెట్టి, మాటలకు అర్థం చెబుతూ కూర్చున్నాను. రంగులు చల్లుతుంటే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పొల్లాక్ భార్య లీ క్రాస్నర్ తెర మీదికొస్తే మాత్రం ముందుకు వంగింది. ఆ పాత్ర వేసిన మార్షా గే హార్డెన్‌కి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. నన్నడిగితే ఈ సినిమా సగం ఆమెదే.

1950 నవంబరులో జరిగిన ఘట్టం వచ్చింది. పొల్లాక్ బొమ్మ వేస్తుండగా హాన్స్ నమూత్ అనే ఫోటోగ్రాఫర్ సినిమా తీస్తాడు. చలిలో ఆ పని ముగిసిన రోజే పొల్లాక్ మళ్లీ సీసా పట్టుకుని, అతిథులందరూ కూర్చున్న భోజనాల బల్లని తలకిందులు చేస్తాడు. పిన్ని తల తిప్పేసుకుంది. “ఆయమ్మ వంట చేసి ఎంతసేపయిందో,” అంది. నేను ఫోన్ ఆపేశాను.

అప్పుడు చెప్పాను. అంతకుముందు రెండేళ్లు ఆయన తాగుడు మానేశాడనీ, అందరూ గొప్పవని చెప్పుకునే పెద్ద పెద్ద బొమ్మలు చాలావరకు ఆ రెండేళ్లలోనే వేశాడనీ. పిన్ని చాలాసేపు నా ముఖమే చూసింది. “మీ బాబాయి కూడా ఆ సంవత్సరం మాలేసుకున్నప్పుడు రాసిన బోర్డులు చూశావా? అట్టాంటి అక్షరాలు మళ్లీ రాయలా,” అంది. 1956 ఆగస్టులో పొల్లాక్ తాగి కారు నడిపి చెట్టుకి గుద్దాడు. వయసు 44. కారులో ఉన్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు కూడా చనిపోయారు. ఆ అమ్మాయికి సినిమాలో ఇంకాస్త చోటు ఉండాల్సిందనిపించింది. పిన్నికి ఆ భాగం చూపించలేదు.

“ఆయన పోయినాక ఆయమ్మ ఏం చేసింది?” అనడిగింది.

లీ కూడా చిత్రకారిణే. ఆయన బతికున్నప్పుడు ఆయనకి పెరట్లో పెద్ద కొట్టం, ఈమెకి మేడ మీద పడకగది. ఆయన పోయాక ఈమె ఆ కొట్టంలోకి మారి, పెద్ద కాన్వాసులు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బొమ్మలు వేసి, 1984లో చనిపోయింది. కొట్టం నేల మీద 1953లో పొల్లాక్ పరిపించిన అట్టపలకల్ని ఆమె కూడా పోయాక లేపితే, అడుగున పాత రంగుల చారలు అట్లాగే ఉన్నాయి. ఇప్పుడు జనం ఆ నేలని చూడ్డానికి వెళ్తారు.

బాబాయి షెడ్డుకి ఏడాదిగా తాళం. ఫ్యాక్టరీలో మిగిలిన గెలాక్సీ ముక్కలు తెచ్చి నేల చేయించి, అద్దెకిద్దామని తమ్ముడు అంటున్నాడు. పొద్దున్నే పిన్ని తాళం తీసింది. గచ్చు మీద నీలం, ఎరుపు, సున్నపు తెలుపు చుక్కలు, డబ్బా అడుగుల గుండ్రటి మరకలు. చీపురు తెచ్చి మెల్లగా ఊడ్చింది.

“బండలొద్దురా. వరండాలో వాన జల్లు కొడతంది, మిషన్ ఇక్కడ పెట్టండి,” అంది.

కుట్టుమిషన్‌ని నేనొకవైపు, తమ్ముడొకవైపు పట్టుకున్నాం. కిటికీ దగ్గర దింపబోతే, “కొంచెం ఇటు జరపండి, ఆ నీలం కనపడాల,” అంది. జరిపాం.