సీసా మారింది, 2.5 గీత మారలేదు

మా బాబుకి మూడేళ్లు. వాడికి ఉన్నట్టుండి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. డాక్టరు అలర్జీ తగ్గించే సెటిరిజైన్ సిరప్ రాశారు, రోజుకొకసారి 2.5 ఎం.ఎల్. ఎన్నిసార్లు పట్టానో లెక్కలేదు, సిరంజిలో ఆ గీత దాకా లాగడం చేతికి అలవాటైపోయింది.

మొన్న రాత్రి వాడు వీపు గోక్కుంటూ ఒకటే ఏడుపు. చూస్తే సిరప్ అయిపోయింది. మావారు పరిగెత్తుకెళ్లి కొత్తది తెచ్చారు. పేరు అదే సెటిరిజైన్, కానీ సీసా చిన్నది, మూతకి డ్రాపర్ ఉంది. ఆ టెన్షన్‌లో నేను అదేమీ పట్టించుకోకుండా 2.5 దాకా లాగేశాను. వాడి నోటి దగ్గర పెట్టబోతుంటే, ఒక్క డోసుకే సీసాలో పావు వంతు ఎలా ఖాళీ అయిందా అని అనుమానమొచ్చి లైటు కిందకి తీసుకెళ్లి చదివాను. పాత సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 5 మి.గ్రా. మందు ఉండేది. ఈ డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.లోనే 10 మి.గ్రా. వాడికి కావాల్సింది 2.5 మి.గ్రా., అంటే ఇందులో పావు ఎం.ఎల్. మాత్రమే. నా చేతిలో ఉన్నది 25 మి.గ్రా. పది రెట్లు! చేతులు చల్లబడిపోయాయి.

అందుకే చెబుతున్నాను, డోసుని ఎం.ఎల్.లో గుర్తుపెట్టుకోకండి, మి.గ్రా.లో గుర్తుపెట్టుకోండి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి సెటిరిజైన్ మామూలుగా 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు, రోజు మొత్తానికి 5 మి.గ్రా. దాటనివ్వరు. రెండేళ్ల లోపు వాళ్లకైతే డాక్టరు చెప్పకుండా అసలు పట్టొద్దు. కిడ్నీ సమస్య ఉన్న పిల్లలకి డోసు తగ్గిస్తారు. ఇంకో చిక్కేంటంటే లెవోసెటిరిజైన్ అని దాదాపు అదే పేరుతో ఇంకో మందు ఉంది, దాని డోసు సెటిరిజైన్‌లో సగమే. ఇంట్లో చెంచాలతో కొలవడం మానేయండి, ఒక్కో చెంచా ఒక్కో సైజు.

జలుబు సిరప్‌ల వెనక కూడా చదవాలి. చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది, అదీ సెటిరిజైన్‌లాగే యాంటీహిస్టమినే, అంటే అలర్జీ మందే. పొద్దున అలర్జీకని ఒకటి, సాయంత్రం ముక్కు కారుతోందని ఇంకొకటి పడితే రెండు యాంటీహిస్టమిన్లు పడినట్టే. క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత తరం మందులు మెదడు దాకా వెళ్లి మగత తెస్తాయి, కొందరు పిల్లల్లో మాత్రం దానికి పూర్తిగా రివర్స్‌లో నిద్రపోకుండా చిరాకుగా గెంతులేస్తారు. డోసు బాగా ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. ప్రోమెథజైన్ అయితే రెండేళ్ల లోపు పిల్లలకి ఇవ్వనే కూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ప్రయాణంలో పడుకుంటారని, రాత్రి విసిగించరని ఇవి పట్టేవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

మందు పట్టాక దద్దుర్లు వెంటనే పోవు, పని మొదలవడానికి గంట వరకూ పట్టొచ్చు. ఆ గంటలో మనసు ఆగదు, ఇంకొంచెం పడదామనిపిస్తుంది. పట్టకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మందు పట్టేవాళ్లుంటే ఎప్పుడు, ఎన్ని మి.గ్రా. పట్టారో రాసిపెట్టండి. మేము సీసాకే కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేశాం.

కానీ పెదవులో నాలుకో వాచినా, ఊపిరికి కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, పిల్లాడు వాడిపోయి వేలాడిపోతున్నా ఈ సీసా వెతుక్కుంటూ కూర్చోకండి. అది అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకొచ్చే అలర్జీ, దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. డాక్టరు ముందే అడ్రినలిన్ పెన్ (మందు నింపి సిద్ధంగా ఉండే ఇంజెక్షన్) రాసిచ్చి ఉంటే తొడ బయటివైపు వేసి, వెంటనే అంబులెన్స్ పిలవండి, పెన్ లేకపోతే ముందు అంబులెన్స్‌కే ఫోన్ చేయండి. ఈలోగా పిల్లాణ్ని నిలబెట్టకండి, నడిపించకండి, పడుకోబెట్టే ఉంచండి. ఊపిరి అందకపోతే మాత్రం కూర్చోబెట్టొచ్చు.