మెడికల్ వార్డు నుంచి సీసీయూకి: నా అనుభవం

మెడికల్ వార్డులో కొన్నేళ్లు చేశాక, నేనే అడిగి సీసీయూకి, అంటే గుండె జబ్బుల ఇంటెన్సివ్ కేర్‌కి మారాను. అయినా టెన్షన్ తప్పలేదు. వార్డులో నైట్ డ్యూటీ అంటే హాలు నిండా పేషెంట్లు. ఇక్కడ నాకు ఇద్దరే. పని తేలికైందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కానీ ఆ ఇద్దరి బీపీ, యూరిన్, డ్రిప్ వేగం గంటగంటకీ నా లెక్కలో ఉండాలి.

ఈసీజీ చదవడం కూర్చుంటే వస్తుంది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది, పెద్ద గడి 0.2 సెకను. రెండు ఆర్ తరంగాల (ప్రతి బీట్‌లో నిటారుగా లేచే మొనల) మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో చూసి 300ని దాంతో భాగిస్తే నిమిషానికి గుండె రేటు. లయ సమంగా ఉన్నప్పుడే ఈ లెక్క. లీడ్స్ (ఈసీజీ కోసం ఛాతీ మీద అంటించేవి) పెట్టడం మాత్రం చేత్తో నేర్చుకోవాల్సిందే. మా సీనియర్ సిస్టర్ నా వేలు పట్టుకుని గొంతు కింద గుంట నుంచి కిందికి జరిపించారు. ఎముక మీద చిన్న గట్టు తగిలింది. దాని పక్కది రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు. అక్కడి నుంచి నాలుగో సందు దాకా లెక్కపెట్టి, రొమ్ము ఎముకకు కుడివైపు వి1 అనే మొదటి ఛాతీ లీడ్ పెట్టాలి. కంటి అంచనాతో పైకి పెట్టేస్తే ఈసీజీయే మారిపోతుంది.

ఒక పొద్దున మానిటర్ వీటీ (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) అని అరిచింది. గుండె గుభేల్‌మంది. సిస్టర్ పరుగెత్తకుండానే పెద్దాయన్ని చూపించారు: పళ్లు తోముకుంటున్నారు! ఆ చెయ్యి కదలికనే మానిటర్ వీటీ అనుకుంది. "వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్ అల చూడమ్మా, తాపీగా నడుస్తోంది కదా. నిజంగా వీటీలో పల్స్ పోయుంటే అదీ పడిపోతుంది" అన్నారు. ఆ రోజు నుంచి అలారం మోగగానే నా చూపు ముందు మనిషి మీదికి, ఆ వెంటనే ఆ అల మీదికి పోతుంది.

గుండెపోటుని గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి, ఆలస్యంగా వచ్చేవాళ్లు మాకు చాలామంది. అలాంటి ఒకరికి రక్తం గడ్డని కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటలో ఎక్కించాం. ఈమధ్య ఆపరేషన్ అయిందా, ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని డాక్టర్‌గారు ముందే అడిగారు. మందు ఎక్కుతుండగా బీపీ పడిపోయింది. డాక్టర్‌గారు చెప్పగానే డ్రిప్ వేగం తగ్గించి, కాళ్లు ఎత్తి పెట్టి, సెలైన్ ఇచ్చాం. నొప్పి తగ్గాక మానిటర్‌లో వెడల్పు బీట్లు కాసేపు నెమ్మదిగా నడిచాయి. రక్తనాళం తెరుచుకున్నప్పుడు అలా రావచ్చని సిస్టర్ ముందే చెప్పి ఉండటంతో కంగారుపడలేదు.

మనుషులు చాలరని కొత్తవాళ్లను మొదటి వారమే నైట్‌కి ఒంటరిగా వేసే చోట్లున్నాయి. అది పేషెంట్‌కి అన్యాయం. సీసీయూకి వెళ్తున్నవాళ్లు సీనియర్ పక్కనుండే డ్యూటీలే కావాలని ఇన్‌చార్జ్‌ని గట్టిగా అడగండి. ఏసీఎల్ఎస్ కోర్సుకి (గుండె ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పే శిక్షణకి) పంపమనండి. డ్యూటీ ఎక్కగానే క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, సామాన్లు ఉండే బండి) సొరుగులన్నీ తెరిచి చూసుకోండి, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ని టెస్ట్ చేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టండి.