అంకారా స్నానశాలలో మిగిలింది పొయ్యి పక్కే

టర్కీ రాజధాని అంకారా వెళ్లినవాళ్లు కోట ఎక్కుతారు, ఆధునిక టర్కీ స్థాపకుడు అతాతుర్క్ సమాధి చూస్తారు. ఉలుస్ అనే పాత పేటలో చంకిరి వీధి పక్కనే ఉన్న రోమన్ స్నానశాలను మాత్రం చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. నాకైతే ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చిన చోటు అదే.

మూడో శతాబ్దం మొదట్లో, కారకల్లా చక్రవర్తి కాలంలో, వైద్య దేవుడు అస్క్లేపియస్ పేరిట కట్టించారట. అప్పట్లో ఊరి పేరు అంకైరా, గలాతియా అనే రోమన్ రాష్ట్రానికి రాజధాని. 1930ల చివర్లో తవ్వకాలు మొదలుపెట్టారు. లోపలికి వెళ్లగానే ఒకప్పటి వ్యాయామ మైదానం, దాని నిండా సమాధి రాళ్లు, మైలురాళ్లు, గ్రీకు, లాటిన్ శాసనాలు. అవి దాటి వెనక్కి వెళ్తే అసలు సంగతి.

గోడలు చాలావరకు పోయాయి, పాలరాయి పోయింది, కాళ్లు మోపిన నేల కూడా పోయింది. మిగిలింది ఆ నేల కింద ఉండే ఇటుక స్తంభాలు, పొట్టిపొట్టిగా, వరసలు వరసలుగా, ఎటు చూసినా అవే. ఒక దాని దగ్గర కూర్చుని చూశాను: పలచటి ఇటుకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సున్నం, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఇలాంటి స్తంభాల మీద పెద్ద పలకలు పరిచి, పైన మందంగా గచ్చు వేసేవారు. పక్కన పొయ్యిల్లో కట్టెలు మండిస్తే వేడిగాలి ఈ స్తంభాల మధ్య నుంచి పాకి, గోడల్లో అమర్చిన బోలు ఇటుకల గుండా పైకి పోయేది, దాంతో నేలా గోడలూ రెండూ వెచ్చగా ఉండేవి. అంకారా చలికాలంలో మంచు కురిసే ఊరు కాబట్టి ఇక్కడ వెచ్చని గదులు, వేడి గదులు బాగా పెద్దవిగా కట్టారు.

స్నానానికి వచ్చినవాళ్లు ఈ స్తంభాలను ఎప్పుడూ చూసి ఉండరు. ఇక్కడ మసిలో, పొగలో, రోజంతా కట్టెలు ఎగదోస్తూ ఉన్నది పనివాళ్లు, చాలాచోట్ల బానిసలు. రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నవాళ్ల గురించి ఎంతోకొంత తెలుస్తుంది, వీళ్ల పేరు ఒక్కటీ లేదు, కానీ ఇవాళ నిలబడి ఉన్నది వాళ్లు పనిచేసిన చోటే. అది చూసి నేను చాలాసేపు కదల్లేకపోయాను.

హాజీ బైరామ్ మసీదు పక్కనున్న రోమన్ చక్రవర్తి అగస్టస్ గుడి కూడా ఇక్కడికి దగ్గరే, నడిచి వెళ్లొచ్చు. టైమ్ తక్కువుంటే శాసనాల దగ్గర కాస్త తొందరపడండి గానీ, వెనక పొయ్యిల వైపు మాత్రం తప్పకుండా వెళ్లండి.